అమీర్‌పేట రెండుసార్లు కనబడాలి: పైమ్‌నెట్ వాడి చూశాక

హైదరాబాద్ మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు కలిపి ఒకే బొమ్మలో చూపించమంటే మామూలుగా ఏం చేస్తాం? ఒక మ్యాపు మీద రంగురంగుల గీతలు గీసి చేతులు దులుపుకుంటాం. ఆ బొమ్మలో అమీర్‌పేట ఒక చుక్క, అంతే. రెడ్ లైను బండి దిగి, జనంలో తోసుకుంటూ బ్లూ లైను ప్లాట్‌ఫామ్ చేరేదాకా పట్టే టైమంతా ఆ చుక్కలోనే మాయమైపోతుంది. రవాణా ప్లానింగ్ రిపోర్టులకు మ్యాపులు గీసివ్వడం నా పని కాబట్టి ఆ చుక్కతో నాకు ఎప్పటినుంచో పేచీ.

లైనుకొక అంతస్తు వేసి, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు మారే దారిని విడిగా గీసే పైథాన్ లైబ్రరీ పైమ్‌నెట్. ఫిన్లండ్‌లోని ఆల్టో యూనివర్సిటీకి చెందిన మిక్కో కివెలా మొదలుపెట్టినది. ఇలాంటి అంతస్తుల నెట్‌వర్కుల (మల్టీలేయర్ నెట్‌వర్కుల) మీద 2014లో వచ్చిన, అందరూ ఉటంకించే సమీక్షా వ్యాసానికి మొదటి రచయిత కూడా ఆయనే. సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, పైసా ఖర్చు లేదు. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అయిపోతుంది, దాని గురించి చెప్పడానికింకేం లేదు.

చెప్పాల్సిందల్లా ఆ తర్వాతే. మన మెట్రోవి మూడు కారిడార్లు: మియాపూర్ నుంచి ఎల్బీనగర్ రెడ్, నాగోల్ నుంచి రాయదుర్గం బ్లూ, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ గ్రీన్. నాలుగో లేయర్, అంటే నాలుగో అంతస్తు, ఎంఎంటీఎస్. ఇలాంటి డేటాకి పైమ్‌నెట్‌లో మల్టీప్లెక్స్ నెట్‌వర్క్ అనే రెడీమేడ్ రకం ఉంది. లేయర్ల మధ్య ముడులు చెప్పే కప్లింగ్స్ దగ్గర కేటగారికల్ అని రాస్తే, ఒకే పేరున్న స్టేషన్ ఏయే లేయర్లలో ఉందో వెతికి వాటిని అదే కలిపేస్తుంది. అమీర్‌పేట రెడ్‌కీ బ్లూకీ, ఎంజీబీఎస్ రెడ్‌కీ గ్రీన్‌కీ, బేగంపేట బ్లూకీ ఎంఎంటీఎస్‌కీ వాటంతటవే ముడిపడతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

కానీ పరేడ్ గ్రౌండ్ దగ్గర ఆగాలి. బ్లూ లైనులో దాని పేరు పరేడ్ గ్రౌండ్, గ్రీన్ లైనులో జేబీఎస్ పరేడ్ గ్రౌండ్. మనిషికి అది ఒకటే చోటు, లైబ్రరీకి రెండు వేర్వేరు పేర్లు. ముడి పడదు. పోనీ రెండింటికీ ఒకే పేరు పెట్టేద్దామా అంటే, అదే చేత్తో సికింద్రాబాద్ ఈస్ట్, వెస్ట్ కూడా కలిపేయాలనిపిస్తుంది. అక్కడ మళ్లీ రోడ్డు మీద నడవాలి. అందుకే నేను రెడీమేడ్ రకాన్ని పక్కన పెట్టి, మామూలు మల్టీలేయర్ నెట్‌వర్క్ తీసుకుని, మారే దారులన్నీ ఒక్కొక్కటిగా చేత్తోనే రాస్తాను, ఎన్ని నిమిషాల నడకో దాన్నే ఆ గీతకు బరువుగా (విలువగా) ఇచ్చి. విసుగు పనే. అయినా నాకు ఈ లైబ్రరీలో బాగా నచ్చిందీ ఇదే: ఎక్కడ మారొచ్చో ముందు మనం తేల్చుకోకపోతే అది మారే గీత గీయదు.

మల్టీప్లెక్సే వాడతానంటే ఒక మాట గుర్తుంచుకోండి. ఫుల్లీ ఇంటర్‌కనెక్టెడ్ అనే ఆప్షన్ మనం ఏమీ చెప్పకపోతే ట్రూగా ఉంటుంది. అంటే ప్రతి స్టేషనూ ప్రతి లేయర్‌లోనూ ఉన్నట్టే లెక్క. గ్రీన్ లైనులోని చిక్కడపల్లి ఎంఎంటీఎస్ అంతస్తులో ఒంటరిగా తేలుతూ కనిపిస్తుంది! దాన్ని ఫాల్స్ చేస్తే సరి.

గీయడానికి డ్రా అనే ఒక్క ఫంక్షన్ చాలు. చుక్కలను స్ప్రింగులతో కట్టినట్టు తనే సర్దే స్ప్రింగ్ లేఅవుట్ ఇస్తే నగరం నగరంలా ఉండదు, నాగోల్ ఎటు పోతుందో దానికే తెలియాలి. నోడ్ కోఆర్డ్స్ అనే ఆప్షన్‌లో అక్షాంశ రేఖాంశాల లెక్కన చోట్లు ఇచ్చేయండి, అన్ని అంతస్తుల్లోనూ స్టేషన్లు తమ చోట్లలో కూర్చుంటాయి. లేయర్ లోపలి పట్టాలు నిండు గీతలుగా, అంతస్తుల మధ్య నడక చుక్కల గీతలుగా వస్తాయి. నడక బరువును బట్టి రంగు మార్చమంటే ఏ మార్పిడి సుఖమో, ఏది కాళ్లనొప్పో మీటింగులో వివరించే పనే ఉండదు. బొమ్మ చూసిన మా సార్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ చుక్కలు ఎందుకంత ఎర్రగా ఉన్నాయి?" అని. నాకు కావలసింది అదే.

తెలుగు పేర్ల సంగతి వేరే కథ. బొమ్మ గీసేది లోపలున్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీ. దాని సొంత ఫాంటులో తెలుగు లేదు, అన్నీ డబ్బాలే. నోటో సాన్స్ తెలుగు పెడితే అక్షరాలొచ్చాయి గానీ, నా దగ్గరున్న వెర్షన్‌లో ఒత్తులు కింద పడవు. "చిక్కడపల్లి"లో క వత్తు, ల వత్తు విడిపోయి పొల్లులతో పక్కపక్కన నిలబడతాయి. పోస్టరు మీద అలా వేస్తే పరువు పోతుంది. దారి ఉంది: మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగుల్లో ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ను నన్ అని పెట్టి బొమ్మను ఎస్‌వీజీగా సేవ్ చేయండి. పేర్లు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి, బ్రౌజర్లో తెరిస్తే ఒత్తులన్నీ సరిగ్గా పడతాయి.

హద్దులు లేవా అంటే ఉన్నాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ త్రీడీకి ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క కొన్ని కోణాల్లో తప్పుతుంది. వెనకాల ఉండాల్సిన గీత ముందుకొస్తుంది. చూసే కోణాన్ని చెప్పే ఆజిమ్, ఎలెవ్ విలువలు కాస్త అటూ ఇటూ తిప్పి మంచి కోణం వెతుక్కోవాలి. లేయర్లు నాలుగైదు దాటితే బొమ్మ చదవలేం. యూరప్ విమానాల డేటా అని ఒక ప్రసిద్ధ డేటా ఉంది, 450 విమానాశ్రయాలు, ఎయిర్‌లైనుకొక లేయర్ చొప్పున 37 లేయర్లు. దాన్ని ఇలా పేరిస్తే అప్పడాల దొంతర తప్ప ఏమీ కనబడదు. అలాంటి వాటికి పై3ప్లెక్స్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీ చూడండి. ఆర్ భాష అలవాటున్నవాళ్లకు ఇదే పనికి మక్స్‌విజ్ ఉంది.

ఆర్టీసీ బస్సుల లేయర్ కూడా వేయొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. సిటీ స్టాపులన్నీ వేస్తే ఆ అంతస్తు నల్లటి మచ్చ అవుతుంది, బొమ్మ రావడానికీ బోలెడు సేపు. స్టేషన్ల గేట్ల ముందున్న స్టాపులు మాత్రం పైమ్‌నెట్‌కిచ్చి, మిగతా బస్సులను మామూలు మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచేశాను.