మా దగ్గర రెండున్నర వేలు, వాళ్ల చేతికి యాభై

ఒడిశాలోని జయపురంలో కాపురం పెట్టి పదకొండేళ్లయినా కుందులి శుక్రవారం సంత చూడలేదు. రాజమండ్రి నుంచి అక్క, బావగారు వచ్చారని నవంబరులో ఓ బుధవారం సెమిలిగుడ బస్సెక్కాం. దారి పొడవునా పసుపుపచ్చగా విరబూసిన వలిసె నూనెగింజల చేలు.

లాడ్జి గది రోజుకు 1,400. వేడినీళ్లు ఉచితమని చెప్పి, తీరా బకెట్టుకు 40 చొప్పున లెక్క వేశారు. దాన్నయినా మరిచిపోగలను గానీ, వాళ్లు కుదిర్చిన గైడును మాత్రం మరిచిపోలేను.

గురువారం ఊరు చూపిస్తానని 2,500 ముందే తీసుకున్నాడు. బండి కిరాయి 1,200 వేరే. పొరజ గిరిజనుల పల్లెకు తీసుకెళ్లి, కళ్లంలో రాగులు నూరుస్తున్న ఆడవాళ్లను కేకేసి పిలిచాడు. ఐదుగురిని వరసగా నిలబెట్టి, వాళ్ల గుంపు నృత్యం ధెంసా ఆడమన్నాడు. వాళ్ల చేతులకు పొట్టు అలాగే అంటుకుని ఉంది. ఫొటోలు తీయండి, తీయండి అని మమ్మల్ని తొందరపెట్టాడు. ఆట అయ్యాక ఐదుగురికీ కలిపి ఇచ్చింది యాభై రూపాయలు!

"మనుషులను చూపించి డబ్బు తీసుకుంటావా?" అని అక్క నిలదీసింది. గొడవంటే ఆమడ దూరం పోయే బావగారు కూడా, ఇక నీ బండి ఎక్కం పొమ్మన్నారు. అతను వెళ్లిపోయాడు. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

ఊరు కనిపించింది ఆ తరవాతే. విశాఖలో సెంట్రింగు పని చేసివచ్చిన కుర్రవాడొకడు తెలుగులో పలకరించి ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ సొరకాయ బుర్రలోంచి రాగి అంబలి అడ్డాకు దొప్పల్లోకి వంచింది. కాస్త పులిసిన చల్లని అంబలి, నంజుకోవడానికి ఉప్పు, కాల్చిన ఎండుమిరపకాయ. బావగారు మూడు దొప్పలు తాగారు. డబ్బు ఇవ్వబోతే ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

ఊరు నలభై గడపలు దాటదు. కొండవాలున పండే రాగులు, సామలు తిండికి. వలిసెలు, అల్లం అమ్మకానికి. గింజలు నిండుకున్నాక మగవాళ్లు విశాఖకో కేరళకో పోతారు. పొలం, మేకలు, సంత అన్నీ ఆడవాళ్ల మీదే. 2011 జనగణనలో కోరాపుట్ జిల్లా జనాభా 13,79,647. అందులో సగానికి పైగా గిరిజనులే. ఇక్కడి సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ సేద్యం చేసే చేతులనే గైడు మా ముందు ఆడించాడు.

మర్నాడు సంతకు అర కిలోమీటరు ఇవతల మరో దృశ్యం. అల్లం తట్టలతో దిగివస్తున్న ఆడవాళ్లకు దళారులు అడ్డం పడుతున్నారు. ఒకడు ఒకామె తల మీది తట్టను తానే దింపి కాటాకు తగిలించాడు. కిలో పాతిక అన్నాడు. లోపల సంతలో నలభై పలుకుతోంది. ఆ వెనకే మాకు అంబలి పోసిన తల్లి కనిపించింది. అక్క ఆమె చేయి పట్టుకుని సంతలోకి నడిపించి, ఆరు కిలోలు 240కి తీసుకుంది.

మీరు వెళ్లేటట్లయితే గైడును పెట్టుకోకండి. బస్సులో వెళ్లండి, సంతలో నేరుగా కొనండి, బేరమాడకండి. వేడినీళ్ల మాట ముందే కాగితం మీద రాయించుకోండి.

అక్క ఆ అల్లంతో పచ్చడి పెట్టి, ఆ తల్లికి అందజేయమని ఒక సీసా పంపింది. వచ్చే శుక్రవారం కుందులి వెళ్తున్నాను.