ఎస్టీ-లింక్ వీ2 క్లోన్ డాంగిల్: పనికొస్తుంది, పైన రాసిన పిన్నుల్ని మాత్రం నమ్మొద్దు

కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా కొన్ని వందలకే దొరికే అల్యూమినియం డబ్బా ఇది: ఎస్టీ కంపెనీ మైక్రోకంట్రోలర్ చిప్పుల్లోకి కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి కోడ్ ఎక్కించి, తప్పులు వెతికే (డీబగ్ చేసే) ఎస్టీ-లింక్ పరికరానికి నకలు. బ్లూ పిల్ (ఎస్టీఎం32ఎఫ్103సీ8 చిప్పు ఉన్నది) లాంటి బోర్డులో కోడ్ ఎక్కించడానికీ, లైను లైనుగా నడిపి చూడడానికీ హాయిగా సరిపోతుంది. ఆ చిప్పులో ఉండే 6 హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లూ (కోడ్‌ను కావలసిన చోట ఆపే గుర్తులు) పనిచేస్తాయి.

చిక్కంతా పిన్నుల దగ్గరే. పైకి ఒకేలా కనిపించే డబ్బాల్లో పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు. కవర్ మీద ఒకటి, లోపలి బోర్డు మీద ఇంకొకటి అచ్చయి ఉండడమూ మామూలే. కవర్ కాస్త జరిపి లోపలి అచ్చు చూడండి, 3.3 వోల్టులు, గ్రౌండ్ మల్టీమీటర్‌తో కొలిచాకే తీగలు కలపండి. ఆ రెండూ తారుమారైతే చిప్పు గోవిందా.

డాంగిల్ నుంచి ఎస్‌డబ్ల్యూడీఐఓ (డేటా తీగ) చిప్పు పీఏ13 పిన్నుకి, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (క్లాక్ తీగ) పీఏ14కి వెళ్తాయి. బోర్డుకు యూఎస్‌బీ కరెంటు విడిగా ఇస్తుంటే డాంగిల్ 3.3 తీగ పీకేయాలి, గ్రౌండ్ మాత్రం ఉండాల్సిందే. పొడుగు జంపర్ తీగలతో కనెక్షన్ తెగిపోతుంటే ఓపెన్‌ఓసీడీలో (డాంగిల్‌తో మాట్లాడే కంప్యూటర్ ప్రోగ్రాం) అడాప్టర్ స్పీడ్ 480 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి చూడండి.

చాలా డాంగిళ్లలో రీసెట్ పిన్ను ఎస్టీఎం8 (ఎస్టీ వాళ్ల వేరే రకం చిప్పులు) కోసమే, ఎస్టీఎం32ను అది రీసెట్ చేయదు. దీని దెబ్బ ఎక్కడ తగులుతుందంటే: క్యూబ్‌ఎంఎక్స్‌లో (చిప్పు సెట్టింగుల కోడ్ రాసిపెట్టే ఎస్టీ ప్రోగ్రాం) డీబగ్‌ను 'సీరియల్ వైర్'కి మార్చకుండా కోడ్ ఎక్కిస్తే, అది నడవగానే పీఏ13, పీఏ14 డీబగ్‌కు అందకుండా పోతాయి. మళ్లీ కనెక్ట్ అవదు, బోర్డు చచ్చిందనుకుంటారు. చావలేదు. బోర్డు మీది బూట్0 జంపర్ 1కి మార్చి (అప్పుడు పాత కోడ్ నడవదు), రీసెట్ నొక్కి, సరిచేసిన కోడ్ ఎక్కించి, జంపర్ 0కి తెచ్చేస్తే సరి.

ఐడీకోడ్ (చిప్పు తన గుర్తుగా చెప్పే సంఖ్య) 1బీఏ01477 రావాల్సిన చోట 2బీఏ01477 అని ఓపెన్‌ఓసీడీ మొరాయిస్తే డాంగిల్‌ను తిట్టకండి. సాధారణంగా బోర్డు మీదున్నది ఎస్టీ చిప్పు కాదని అర్థం. ఓపెన్‌ఓసీడీ సెట్టింగుల్లో సీపీయూటాప్‌ఐడీకి ఆ 2బీఏ01477 విలువే ఇస్తే ముందుకు కదులుతుంది.

అసలైన లోట్లు రెండు. ఇది బోర్డు వోల్టేజీ కొలవదు, ఏమీ తగిలించకపోయినా 3 వోల్టుల పైనే చూపిస్తుంది. కాబట్టి 1.8 వోల్టుల బోర్డులకు దీన్ని వాడొద్దు. చాలావాటిలో ఎస్‌డబ్ల్యూఓ పిన్ను (చిప్పు నుంచి సందేశాలు వచ్చే దారి) బయటికి రాదు, ఆ దారిన ప్రింట్‌ఎఫ్‌తో కోడ్ అచ్చువేసే మాటలు చూడలేరు. అది కావాలంటే ఎస్టీ వాళ్ల న్యూక్లియో-64 బోర్డు (ఎఫ్401ఆర్‌ఈ లాంటిది) కొనడం మేలు: సీఎన్2 జంపర్లు రెండూ తీసేస్తే దాని మీదున్న ఎస్టీ-లింక్‌ను సీఎన్4 నుంచి బయటి బోర్డుకు వాడుకోవచ్చు, ఎస్‌డబ్ల్యూఓ అక్కడ 6వ పిన్ను.