"గ్యారంటీ జోడీ" అంటే నమ్మకండి: కడపలో ఫించ్‌లు కొనేవాళ్లకు

ఈ రోజు పొద్దున మా ఆడ ఫించ్ పిట్ట చనిపోయింది. ఆదివారం ఎవరైనా మళ్లీ అదే షాపుకు వెళ్తారేమోనని రాత్రికి రాత్రే రాస్తున్నాను. ఏ షాపో కడప చుట్టుపక్కల పిట్టలు పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మాది ప్రొద్దుటూరు. పన్నెండు రోజుల కిందట బస్సులో వెళ్లి తెల్ల జీబ్రా ఫించ్‌ల జత తెచ్చాను. మామూలు జత 600, ఒకసారి పిల్లలు తీసిన "గ్యారంటీ జోడీ" 900 అన్నాడు షాపు ఓనరు. గుడ్లు పొదగడం చూడాలని మా పాప ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది కదా అని 900 ఇచ్చాను. తెల్లవాటిలో మగదానికి బుగ్గ మచ్చలు, గొంతు చారలు కనిపించవు, ముక్కు రంగు చూసే పోల్చుకోవాలి. మగదానిది ముదురు ఎరుపు, ఆడదానిది నారింజ. ఆడదాని ముక్కు మొదలు దగ్గర నల్లగా ఉంటే ఇదేంటని అడిగాను. "గింజల మరకక్కా, రేపటికి పోతుంది" అన్నాడు.

అది మరక కాదు. ఫించ్ పిల్లల ముక్కు నల్లగా ఉండి, రెండు నెలల వయసు వచ్చేసరికి మెల్లగా రంగు తిరుగుతుంది. ఆరు నెలలు నిండకుండా పిల్లలు తీయడానికి జత చేయకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా గోటితో ఒక్కసారి గీకి చూడకుండా అట్టపెట్టెలో పెట్టించుకుని బస్సెక్కాను. ఆ తప్పు నాదే.

ఇంటికొచ్చాక గూడు కోసం పంజరంలో కుండ కట్టి కొబ్బరి పీచు వేశాను. మగది రెండు రోజులు పీచు మోసింది. మూడో రోజు నుంచి తరమడం మొదలుపెట్టింది. జత కుదిరిన మగది పాడుతూ, గెంతుతూ దగ్గరికొస్తుంది, ఆడది తోక వణికిస్తుంది. ఇక్కడ పాట లేదు, నేరుగా వచ్చి మెడ వెనక ఈకలు పట్టుకుని లాగడమే. కొర్రల గిన్నె దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆ చిన్నది పంజరం అడుగున మూలకు నక్కి, కాగితం మీద రాలిన పొట్టు ఏరుకుని తినేది.

షాపుకు ఫోన్ చేశాను. "పిట్టలన్నాక కొట్టుకోవా అక్కా? నాలుగు దినాలు చూడు, అవే సర్దుకుంటాయి. విడదీసినావంటే జోడీ చెడిపోతుంది" అన్నాడు. ఆ మాట విని విడదీయలేదు. నాలుగు రోజుల తర్వాత చూస్తే తల వెనక బొటనవేలి గోరంత మేర ఈకలు పోయి, చర్మం మీద రక్తం చుక్కలు. అప్పుడు వేరే పంజరంలో పెట్టాను. కోలుకోలేదు.

ఈ రోజు మధ్యాహ్నం దాన్ని రుమాలులో చుట్టుకుని, మగదాన్ని పంజరంతో సహా పట్టుకుని కడప వెళ్లాను. ఓనరు రుమాలు విప్పి కూడా చూడలేదు. "దీనికోసం ఇంత ఎండలో వచ్చినావా? ఇంకో ఆడదాన్ని తీసుకుపో, 300 ఇయ్యి చాలు" అన్నాడు. అంతలో గిన్నెల్లో గింజలు పోసే పిల్లాడు మా మగదాని కాలికున్న పచ్చ రింగు చూసి, "అన్నా, ఇది పచ్చ రింగు జతది కదా? దీని ఆడదాన్ని పోయిన నెల వేరేవాళ్లకు ఇచ్చినాం కదా" అన్నాడు.

చచ్చిపోయిన పిట్ట కాలికి ఏ రింగూ లేదు. పన్నెండు రోజులు రెండింటికీ నీళ్లు మార్చాను, ఒక్కసారి కూడా ఆ తేడా నా కంటికి ఆనలేదు.

జీబ్రా ఫించ్‌లు ఒకసారి జత కడితే మామూలుగా చివరిదాకా ఆ తోడుతోనే ఉంటాయి. అలాంటి జతను విడగొట్టి, కొత్త పిల్లను తెచ్చి దాని పక్కన పడేసి, పిల్లలు తీసిన జోడీ అని 900కు అమ్మాడు. ముఖం మీదే అడిగాను. "మగది మగదే, ఆడది ఆడదే, జోడీ కాక ఇంకేంది?" అన్నాడు. పిల్లాడిని లోపలికి పొమ్మని కసిరాడు. బిల్లు లేదు, డబ్బులు లేవు. పక్కన కాకెటీల్ చిలుక కొంటున్న ఆయన తలదించుకున్నాడు తప్ప నోరు విప్పలేదు.

కొనేటప్పుడు ముక్కు మొదట్లో నలుపుందేమో చూడండి. రెండూ ఒకే కమ్మీ మీద ఆనుకుని కూర్చుంటున్నాయా, ఒకదాని ఈకలు ఇంకొకటి సవరిస్తోందా అని షాపులోనే ఒక పావుగంట నిలబడి చూడండి. 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం షాపుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, అడగండి. ఈకలు పీకడం మొదలైతే ఆ రోజే వేరు చేసి, పంజరాలు పక్కపక్కన పెట్టండి. కుండ తీసేయండి, కుండ ఉన్నంతసేపూ మగది ఆ చోటంతా తనదే అనుకుంటుంది.

పోయిన నెల ఆ షాపులో కాలికి పచ్చ రింగున్న తెల్ల ఆడ ఫించ్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. దాని మగది మా ఇంట్లో ఉంది. నాకు డబ్బులేమీ వద్దు, మీరెక్కడున్నా నేనే తెచ్చి ఇస్తాను.