వదిలితే ఆగే బండి: మొబిలిటీ స్కూటర్‌తో మూడేళ్లు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మూడేళ్లుగా నేను నాలుగు చక్రాల మొబిలిటీ స్కూటర్, అంటే నడవలేనివారు కూర్చొని నడుపుకునే బ్యాటరీ బండి, నడుపుతున్నాను. నడుములో నరాలు నొక్కుకుపోయి, పది అడుగులు వేసేసరికి కాళ్లు తిమ్మిరెక్కి కూలబడిపోయే నాకు, తెల్లవారుతూనే రైతుబజారుకు వెళ్లి లేత వంకాయలు నా చేత్తో ఏరుకునే భాగ్యాన్ని తిరిగి ఇచ్చింది ఈ బండే. దాని బరువు, వేగం, ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం పోతుందన్న లెక్కలు అమ్మేవారే చెబుతారు కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదంతా దాని బ్రేకు గురించే. ఈ మూడేళ్లలో నాకు అన్నిటికంటే ధైర్యాన్నిచ్చినదీ అదే, ఒకే ఒక్కసారి ప్రాణభయం చూపించినదీ అదే.

ఈ బండికి బ్రేకు పెడల్ లేదు. హ్యాండిల్‌కు కుడివైపున్న పిడిని వేళ్లతో లాగితే ముందుకు, ఎడమవైపు దాన్ని లాగితే వెనక్కి పోతుంది. వేళ్లు వదిలితే నెమ్మదించి ఆగి, సీటు కింద ‘టక్’మని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విద్యుదయస్కాంత బ్రేకుది. మామూలు బ్రేకు మనం నొక్కితేనే పడుతుంది. ఇందులో స్ప్రింగులు మోటారు ఇరుసును ఎప్పుడూ బిగించే ఉంచుతాయి, కరెంటు అందినంతసేపే ఆ బిగింపు సడలుతుంది. అందువల్ల బ్యాటరీ అయిపోయినా, తాళం తీసేసినా, కళ్లు తిరిగి మనిషి చేతులు జారిపోయినా బండి దొర్లిపోదు. సముద్రం వైపు దిగే వాలులో, చక్రం కింద రాయి పెట్టే పని లేకుండా బండి ఆపుకొని, ఎదురైన పాత స్నేహితుడితో పావుగంట మాట్లాడగలిగిన మొదటి రోజున నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

మొదట్లో అడిగిన ప్రతివారికీ దీన్ని ఎవరైనా నడపవచ్చునని చెప్పేవాణ్ణి. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. నేను ముప్పై ఏళ్లు బజాజ్ చేతక్ నడిపినవాణ్ణి. చేతక్ మీద కుడిచేతి వేళ్లు బిగిస్తే ముందు చక్రానికి బ్రేకు పడుతుంది. ఇక్కడ అవే వేళ్లు బిగిస్తే బండి ముందుకు పోతుంది. తీరికగా ఉన్నప్పుడు ఈ తేడా బుద్ధికి తెలుస్తుంది కాని, కంగారులో చేతికి తెలియదు. కొన్న రెండో నెలలో రైతుబజారు దగ్గర ఒక కుక్కపిల్ల అడ్డం రాగానే నా పిడికిలి దానంతట అదే బిగుసుకుంది. కుక్కపిల్ల తప్పించుకుంది కాని, ఉల్లిపాయలు అమ్ముకునే ఆమె గంపను ముందు చక్రం నుజ్జు చేసింది. ఆమె నన్ను ఒక్క మాటైనా అనకుండా ‘మీకేం తగల్లేదు గదా బాబూ’ అని అడిగినప్పుడు తలెత్తలేకపోయాను. ఆ తరువాత పదిహేను రోజులపాటు, వేగాన్ని పూర్తిగా తగ్గించి పెట్టుకొని, ఖాళీ స్థలంలో సాధన చేశాను. మా ఆవిడ వెనుక నుంచి ఉన్నట్టుండి ‘ఆగండి’ అన్నప్పుడల్లా రెండు చేతుల వేళ్లూ విప్పెయ్యాలి, అంతే. స్కూటరో మోటారు సైకిలో నడిపి నడిపి చేతులకు ఆ అలవాటు పట్టినవారు ఈ సాధన చేయనిదే వీధిలోకి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

వేళ్లు వదలగానే ఆగిపోవడం కూడా అన్నిచోట్లా క్షేమం కాదు. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తున, కొన్ని మీటర్ల వెడల్పున ఉంటుంది. అంత వెడల్పైన దాన్ని ఈ బండి హాయిగా ఎక్కి దిగుతుంది. మా వీధిలో ఎవరో సిమెంటుతో పోయించినది అడుగున్నర వెడల్పైనా లేదు. ముందు చక్రాలు దాని మీది నుంచి దిగేటప్పటి కుదుపుకు పిడి మీది వేళ్లు జారితే, బండి ఆ గట్టుకు అటు రెండు, ఇటు రెండు చక్రాలతో, అడుగుభాగం సిమెంటుకు ఆనుకొని నడివీధిలో నిలిచిపోతుంది. వెనుక ఆటో వస్తుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నేను గట్టుకు సూటిగా ఎదురు వెళ్లి, వేగం తగ్గించి, బొటనవేళ్లను హ్యాండిల్ చుట్టూ గట్టిగా చుట్టి దాటుతున్నాను. ఏటవాలుగా ఎక్కితే ఒక చక్రం గాలిలోకి లేచి బండి పక్కకు ఒరుగుతుంది. కాలువల మీద పరిచిన పలకల అంచులు దాటేటప్పుడూ ఇదే పద్ధతి పాటిస్తున్నాను.

ప్రాణభయం చూపించిందన్నది కిందటి వేసవిలో. బ్రేకు ఎప్పుడూ బిగిసే ఉంటుంది కనుక, బండిని చేత్తో తోయవలసి వస్తే ఆ పట్టు విడిపించడానికి వెనుక చక్రం పక్కన ఒక చిన్న లీవరు ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే ఇక అది వట్టి తోపుడుబండి. దీని గురించి కొన్నప్పుడు నాకు ఒక్క వాక్యంలో చెప్పారు, నేనూ అంత తేలికగానే విన్నాను. ఆ రోజు మా అపార్టుమెంటుకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. దారికి అడ్డంగా ఉన్న నా బండి ఎంత తోసినా కదలకపోవడంతో, వాచ్‌మన్ వెతికి వెతికి ఆ లీవరు కనిపెట్టి, బండిని సెల్లార్ ర్యాంపు అంచుకు జరిపి, వెనుక చక్రానికి ఇటుక అడ్డం పెట్టాడు. నేను బయటికి రాగానే ‘మాస్టారూ, బండి నేనే జరిపేనండి, మీరు కూర్చోండి’ అంటూ, నేను సీటులో కూర్చోగానే ఇటుక తీసేశాడు. అప్పటికి నేనింకా తాళం పెట్టనే లేదు.

బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. నడవలేనివారి కోసం కట్టే ర్యాంపుకు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పే వాలు 12 అడుగులకు 1 అడుగు. కార్ల కోసం కట్టిన మా సెల్లార్ వాలు దానికి రెట్టింపుకు పైనే ఉంటుంది. నేను సాధన చేసిన ప్రకారం రెండు చేతుల వేళ్లూ విప్పేశాను. కాని పిడులను నేను లాగి ఉంటే కదా, వదలడానికి! పట్టుకోవడానికీ, వదలడానికీ ఏమీ లేని ఆ రెండు మూడు క్షణాల్లో హ్యాండిల్‌ను బలంకొద్దీ ఒక పక్కకు తిప్పేశాను. వెనుక చక్రం పక్క గోడను రాసుకుంటూ పోయి, ఒక స్తంభానికి కొట్టుకొని బండి ఆగింది. మోచేతి చర్మం లేచిపోవడం తప్ప మరే దెబ్బా తగలలేదు. వాచ్‌మన్ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. తప్పు అతనిది కాదు. ఆ లీవరు సంగతి ఇంట్లోవాళ్లకూ అతనికీ ముందే చెప్పవలసినవాణ్ణి నేను.

అప్పటి నుంచి ఎక్కే ముందు లీవరును చేత్తో తడిమి చూసి, సీటును పట్టుకొని ఒకసారి తోస్తాను, కదిలిందంటే కూర్చోను. లీవరు పక్కన ‘వాలులో ముట్టవద్దు’ అని తెలుగులో రాసి అంటించాను. బండిని నిలిపేది ఎప్పుడూ చదునైన చోటే.

మీరు కొనవచ్చునా అంటే, నా పరిస్థితి వేరు. నేను ఉండేది గ్రౌండ్ ఫ్లోర్, వెళ్లేది కిలోమీటరు లోపు, రెండు చేతులకూ పట్టు ఉంది, వెంట ఉండి సాధన చేయించడానికి మా ఆవిడ ఉంది. అయినా అరగంట దాటితే కుడిచేతి వేళ్ల కణుపులు లాగేస్తున్నాయి. కీళ్లవాతం ఉన్నవారు దుకాణంలో కనీసం పావుగంట నడిపి చూడనిదే డబ్బు కట్టవద్దు. నేను మళ్లీ కొనవలసి వస్తే హ్యాండిల్‌కు విడిగా చేతి బ్రేకు కూడా ఉన్న రకాన్నే వెతుకుతాను, లీవరు ఎటున్నా అది చక్రాన్ని పట్టి ఆపుతుంది గనుక.