బత్తాయి నర్సరీకి ఎస్‌ఈఓ మనిషిని పెట్టుకున్నాం: నాలుగేళ్ల తర్వాత నా మాట

మాది నల్గొండ నుంచి కనగల్ వెళ్లే దారిలో బత్తాయి అంటుమొక్కల నర్సరీ. అంటు కట్టే పని మా మామయ్యది. రంగపూర్ నిమ్మ మొక్క మీద సాత్‌గుడి రకం బత్తాయి కన్ను పెట్టి కడతారు, ముప్పై ఏళ్లకు పైగా అదే చేయి. లెక్కలు, ఫోన్లు, వెబ్‌సైట్ నేను చూసుకుంటాను. 2021 జూన్ నుంచి ఇప్పటిదాకా గూగుల్ పని, అంటే జనం వెతికినప్పుడు మా సైట్ పైన కనిపించేలా చేసే ఎస్‌ఈఓ పని, ఇద్దరికి అప్పగించాను. మొదట ఒక కంపెనీకి, తర్వాత హైదరాబాద్‌లో సొంతంగా పనిచేసుకునే ఒకాయనకు. మా చుట్టుపక్కల చిన్న వ్యాపారాల వాళ్లు "వాళ్లను పెట్టుకుంటే ఫాయిదా ఉంటదా?" అని అడుగుతున్నారు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పి వదిలేసే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

కంపెనీని మేం వెతుక్కుంటూ పోలేదు, వాళ్లే ఫోన్ చేశారు. "మీ వెబ్‌సైట్‌లో చాలా తప్పులున్నాయి మేడమ్. 90 రోజుల్లో గూగుల్ మొదటి పేజీ, గ్యారంటీ." నెలకు 9 వేలు. లాక్‌డౌన్‌లో మొక్కలన్నీ ఫోన్ మీదే అమ్మాం కాబట్టి ఆన్‌లైన్ మీద నాకు ఆశ బాగా ఉండేది. సరే అన్నాను. ఐదు నెలలు కట్టాను, 45 వేలు.

ప్రతి నెలా రంగు రంగుల రిపోర్ట్ వచ్చేది. అందులో గూగుల్‌లో వెతికే పది మాటలకు మేం మొదటి స్థానంలో ఉన్నట్టు రాసి ఉండేది. చూసి సంతోషపడ్డాను కూడా. ఒక రోజు రాత్రి తీరిగ్గా కూర్చుని ఆ పది మాటలు చదివితే అర్థమైంది. నాలుగింటిలో మా నర్సరీ పేరే ఉంది. మిగతావి ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం అన్నీ కలిపి అల్లిన పొడుగాటి ఇంగ్లీష్ వాక్యాలు. తిప్పర్తి రైతు ఎవరు అట్లా టైప్ చేస్తాడు?

అంతకంటే పెద్ద నష్టం తర్వాత తెలిసింది. మిర్యాలగూడ, దేవరకొండ, హాలియా, నకిరేకల్ అంటూ నలభై ఊళ్లకు నలభై పేజీలు పెట్టారు. అన్నిట్లోనూ ఒకటే మ్యాటర్, ఊరి పేరు ఒక్కటే మార్చారు. మనకు సంబంధం లేని విదేశీ సైట్ల నుంచి, జూదం సైట్ల నుంచి కూడా, మా పేజీకి వందల లింకులు పెట్టించారు. గూగుల్ దృష్టిలో ఈ రెండూ మోసమే. డిసెంబర్‌లో సెర్చ్ కన్సోల్‌లో (మన సైట్ గూగుల్‌లో ఎట్లా కనిపిస్తోందో ఓనర్‌కు చూపే గూగుల్ టూల్) మెసేజ్ వచ్చింది, అసహజమైన లింకులు ఉన్నందుకు చర్య తీసుకున్నామని. అడిగితే కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. పని చేసింది వాళ్లైనా శిక్ష పడింది మా సైట్‌కే. ఎవరిని పెట్టుకున్నా, వాళ్లు చేసిన పనికి గూగుల్ దగ్గర జవాబుదారీ సైట్ ఓనరే. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు గూగులే సైట్ ఓనర్ల కోసం ఈ సంగతులన్నీ రాసి పెట్టింది. మొదటి స్థానం ఇస్తానని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, చేసిన మార్పుల ఫలితం కనిపించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని, అడగకుండా వచ్చే ఆఫర్లతో జాగ్రత్తగా ఉండాలని. ప్రకటనలకు డబ్బు కడితే మామూలు ఫలితాల్లో పైకి రావడం ఉండదని కూడా చెప్పింది. ముందే చదివి ఉంటే ఆ 45 వేలతో ఇంకో షేడ్ నెట్ వేసుకునేవాళ్లం.

రెండో మనిషి దొరికింది 2022 ఫిబ్రవరిలో, భువనగిరిలో చీరల వ్యాపారం చేసే మా బంధువుల ద్వారా. ఈసారి మామయ్యకు ముందే చెప్పాను. ఆయన ఒకటే అన్నారు: "మన దగ్గర మొక్క కొనెటోనికి కవర్ చింపి ఏరు చూపిస్తం కదా బిడ్డా. ఆయన్ను గూడ చూపియ్యమను." నేను అదే చేశాను. అంతకుముందు పనిచేసిన ఇద్దరి నంబర్లు అడిగితే ఆయన వెంటనే ఇచ్చారు. ఇద్దరికీ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. ఇద్దరిలో ఒకరు "పని మెల్లగా అయితది, కానీ అబద్ధం చెప్పడు" అన్నారు. నాకు అది చాలనిపించింది.

మొదటి మీటింగ్‌లో ఆయన ర్యాంకుల మాటే ఎత్తలేదు. మీకు ఎవరు ఫోన్ చేస్తారు, మొదట ఏం అడుగుతారు, ఏ నెలల్లో కొంటారు, కొనకుండా పోయేవాళ్లు ఎందుకు పోతారు అని గంటసేపు ఇవే అడిగారు. సెర్చ్ కన్సోల్‌లో కూడా చూడటానికి మాత్రమే అనుమతి ఇమ్మన్నారు, మార్చే అధికారం తర్వాత చూద్దామన్నారు. సైట్ మొత్తం చూసి రాసివ్వడానికి 18 వేలు. నెలవారీ ఒప్పందం అప్పుడే వద్దని ఆయనే అన్నారు.

ఆ పద్నాలుగు పేజీల రిపోర్ట్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో బయటపడిన వాటిలో సగం చదువుతుంటే ఏడుపొచ్చింది, అంత చిన్నవి. మా ధరల పట్టిక ఒక ఫ్లెక్సీ ఫోటో. మనిషి చదవగలడు గానీ, గూగుల్‌కు అది మాటలుగా అందదు. ప్రతి పేజీకీ టైటిల్ "హోమ్" అనే ఉంది. ఫోటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే పెట్టాం, ఒక్కోటి 6 ఎంబీ. పొలం గట్టు మీద సరిగ్గా సిగ్నల్ లేని ఫోన్‌లో అవి ఎప్పటికి తెరుచుకోవాలి! గూగుల్ మ్యాప్‌లో మా పిన్ కాలువకు అవతలి ఒడ్డున ఉంది. ఆ రోజు నాకు అర్థమైంది, "కాలువ దగ్గరికొచ్చినం, నర్సరీ కనవడ్తలేదు" అని ఏళ్లుగా ఎందుకు ఫోన్లు వచ్చేవో.

పిన్ సరిచేయడం, టైమింగ్స్ పెట్టడం, ఫోటోలు ఎక్కించడం, ఇవన్నీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితం. వీటికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. టైటిళ్లు, ధరలు కూడా నేనే కూర్చుని మార్చుకున్నాను. ఆయన అవసరం నిజంగా పడింది లింకుల గోడు తీర్చడానికి. ఏవి చెడ్డ లింకులో ఏరడం, తీయించగలిగినవి తీయించడం, మిగతావి లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఫైల్ పంపడం, ఆ నలభై పేజీలు తీసేయడం, ఏం జరిగిందో దాచకుండా రాసి మళ్లీ చూడమని అర్జీ పెట్టడం. మొదటి అర్జీ తిరగ్గొట్టారు. రెండోది ఒప్పుకున్నారు. మొత్తం మీద ఐదు నెలలు పట్టింది. ఇది నా వల్ల అయ్యే పని కాదు.

ఆ తర్వాత నాకు అన్నిటికంటే ఉపయోగపడింది సెర్చ్ కన్సోల్‌లో జనం వెతికిన మాటల జాబితా. అది ఎట్లా చదవాలో ఆయన నేర్పారు. అప్పటిదాకా జనం "బత్తాయి మొక్కలు" అని వెతికి మా దగ్గరికొస్తారని అనుకునేదాన్ని. జాబితాలో ఉన్నవి వేరే. "బత్తాయి చెట్టుకు బంక కారుతుంది", "ఎకరానికి ఎన్ని బత్తాయి మొక్కలు", "కాపు రావడానికి ఎన్నేళ్లు". కొన్ని తెలుగు అక్షరాల్లో, ఎక్కువ భాగం తెలుగు మాటలే ఇంగ్లీష్ అక్షరాల్లో. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి రాశాను. ఇరవై అడుగులకు ఒకటి చొప్పున పెడితే ఎకరానికి 108 మొక్కలు పడతాయని, అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా భూమికి అర అడుగు పైన ఉండాలని, చెట్టు మొదట్లో నీళ్లు నిలవకూడదని, కాండానికి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) ఎట్లా పూయాలో. బంక తెగులు పేజీ ఇవాళ మా సైట్‌లో ఎక్కువ మంది చదివే పేజీ. అది చదివి ఫోన్ చేసినవాళ్లు ధర దగ్గర పెద్దగా బేరమాడరు.

ఇక్కడ ఆయనలో నాకు కనపడ్డ లోపం కూడా చెప్పాలి. మొదట ఆయన రాసిచ్చిన తెలుగు హెడ్డింగుల్లో "నిమ్మజాతి ఫలవృక్షాల యాజమాన్యం" లాంటివి ఉన్నాయి. మా దగ్గర ఏ రైతూ అట్లా అనడు. రెండుసార్లు వాదించి మార్పించాను. ఇంకోటి, జూలైలో మాకు గిరాకీ ముమ్మరంగా ఉన్నప్పుడు ఆయన రెండు మూడు రోజుల దాకా జవాబివ్వరు. 18 వేలున్న ఫీజు ఇప్పుడు 25 వేలైంది.

2024 మార్చిలో మాత్రం ఆయన విలువ తెలిసింది. ఏ పేజీ పైన రావాలో లెక్కగట్టే పద్ధతిని మారుస్తూ గూగుల్ పెద్ద అప్‌డేట్ ఒకటి మార్చి 5న మొదలుపెట్టి ఏప్రిల్ 19 దాకా నడిపింది, 45 రోజులు. మా పేజీలు రోజూ పైకీ కిందికీ ఊగుతుంటే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి ఏదో ఒకటి చేద్దాం అన్నాను. "ఏమీ ముట్టుకోకండి. అయిపోనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ రెండు నెలలకూ రూపాయి తీసుకోలేదు. మే నెలలో చూస్తే బంక తెగులు పేజీ ముందున్న చోటికే వచ్చింది.

ఫోన్ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా నంబర్ ఎట్లా దొరికింది?" అని అడిగి గీత గీస్తాను: తెలిసినవాళ్లు, బోర్డు చూసి, గూగుల్, యూట్యూబ్. 2022 జూలైలో గూగుల్ కింద 9 గీతలు. 2024 జూలైలో 37. ఇట్లాంటి నోట్‌బుక్ మొదలుపెట్టకముందు ఎవరినీ పెట్టుకోవద్దని నన్ను అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. ఫోన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా రిపోర్టులు చూస్తే నాలాగే మోసపోతారు. నెలకు పది పదిహేను గిరాకీలు, అవి కూడా పక్క ఊళ్ల నుంచే వచ్చే కొట్టు అయితే, మ్యాప్ సరిచేసుకుని నాలుగు మంచి ఫోటోలు పెట్టుకుంటే చాలు. మాలాగా పాత తప్పు మెడకు చుట్టుకున్నప్పుడో, సైట్ మొత్తం మార్చేటప్పుడో మాత్రం తెలిసిన మనిషి కావాలి.

ఇప్పుడు మా సైట్ మారుతోంది, ఆన్‌లైన్‌లో అడ్వాన్స్ కట్టే సౌకర్యంతో. అందుకే ఆయన్ను మళ్లీ పిలిచాను, ఈసారి పని మొదలుకాకముందే. పాత పేజీల వెబ్ అడ్రస్‌లు 31. ఏది కొత్తగా ఏ పేజీకి పోవాలో ఒక్కొక్కటీ పక్కపక్కన రాసుకుంటున్నాం. నిన్నటికి 22 అయ్యాయి. బంక తెగులు పేజీ అడ్రస్ మాత్రం అసలు మార్చవద్దన్నారు.