అంగుళంన్నర దించిన హెరాల్డ్: చూపుకి బాగుంది, టైరుకే చోటు లేదు

స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు గురించి నలుగురికీ తెలిసిన సంగతులు మళ్ళీ రాయను. ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన ఒళ్ళు, ముందు భాగమంతా ఒకేసారి లేచే బానెట్, మద్రాసు పక్కన తయారీ, ఇవన్నీ ఈ బండి మీద మోజున్నవాళ్ళకి కంఠతా వచ్చు. నా కడుపుమంట ఒక్కదాని గురించే. ఈ కారు తిరిగే మలుపు.

హెరాల్డ్ ఒక చుట్టు తిరగడానికి 25 అడుగులు చాలు, అంటే సుమారు 7.6 మీటర్లు. మారుతి 800కి 8.8 మీటర్లు కావాలి. పర్లాకిమిడిలో ఉండేవాడికి ఈ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు. మా వీధిలో ఒక పక్క కాలవ, ఇంకో పక్క ఎవరో ఒకరి ఇసుక కుప్ప. పెద్ద కార్లవాళ్ళు సందు చివరి దాకా వెనక్కి నడుపుకుంటూ పోతారు. నేను మాత్రం స్టీరింగ్ పూర్తిగా కోసి ఒక్క తిప్పులో బయటికి వచ్చేసేవాడిని. కారుని కిందికి దించి వెడల్పు టైర్లు వేయించాక ఆ ఒక్క సుఖమూ పోయింది.

దించడం ఎందుకంటే, సోకుకే. కాదని బుకాయించను. రెండు తలుపుల హెరాల్డ్ ఖాళీగా నిలబడితే వెనక భాగం పైకి లేచి, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుని, అప్పుడే పుట్టిన దూడ నిలబడబోతున్నట్టు ఉంటుంది. స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు 1962లో వచ్చింది ఈ చాసిస్‌నే పొట్టి చేసి. దాని ఫోటోలు చూస్తే మనదీ అలా నేలకి అంటుకుని ఉంటే బాగుణ్ణనిపించక మానదు. ముందు పొట్టి స్ప్రింగులు పడ్డాయి. వెనక అడ్డంగా ఉండే పట్టీ స్ప్రింగుకీ డిఫరెన్షియల్‌కీ మధ్య ఒక దిమ్మ పెట్టించాను. మొత్తం మీద అంగుళంన్నర దిగింది. రిమ్ములు కోసి బయటి వైపుకి వెడల్పు చేయించి 175/70 ఆర్13 టైర్లు, అంటే 175 మిల్లీమీటర్ల వెడల్పువి, ఎక్కించాను. ఎత్తులో అవి మామూలు 155/80 ఆర్13కి దాదాపు సమానం. 575 మిల్లీమీటర్లకీ 578కీ తేడా ఎవరికి కనిపిస్తుంది? కాగితం మీద వెడల్పు కూడా పక్కకి 10 మిల్లీమీటర్లే ఎక్కువ. ఆ పదే కొంప ముంచింది.

మొదట్లో నేను ఈ మార్పుని తెగ పొగిడాను, కలిసినవాళ్ళందరికీ చెప్పాను. ఆ పొగడ్తలో సగం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. హెరాల్డ్ వెనక ఇరుసుకి కీలు డిఫరెన్షియల్ దగ్గరే ఉంటుంది, చక్రం దగ్గర ఉండదు. అందుకని చక్రం కిందికి వేలాడితే పై అంచు బయటికి వాలుతుంది, పైకి నొక్కుకుంటే లోపలికి వాలుతుంది. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం లేచి చక్రం ముడుచుకుపోవడం ఈ బండికి పుట్టుకతో వచ్చిన జబ్బు. మన దేశంలో దీని తర్వాత వచ్చిన స్టాండర్డ్ గెజెల్ కారుకి ఈ ఏర్పాటు తీసేసి మామూలు గట్టి ఇరుసు పెట్టారు. కారు దించితే చక్రం ఎప్పుడూ కొంచెం లోపలికే వాలి ఉంటుంది కాబట్టి ఆ జబ్బు చాలావరకు సర్దుకుంటుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ ధీమా నాకు బాగా తెలిసింది. కాకపోతే వెనక టైర్ల లోపలి అంచులు బయటి అంచుల కంటే ముందే నున్నబడ్డాయి. ఈ మాట అప్పట్లో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

అలైన్‌మెంట్ ఇంకో కథ. దించగానే స్టీరింగ్ ర్యాక్ చేతుల కోణం మారి, టో, అంటే ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో చూస్తున్నాయనే కొలత, మొత్తం తప్పిపోయింది. శ్రీకాకుళంలో త్రీడీ మెషీను ఉన్నచోటికి తీసుకెళ్ళాను. కుర్రాడు లిస్టంతా వెతికి, “సార్, ఇందులో ఈ బండి లేదు, ఆల్టో వేసేయమంటారా?” అన్నాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు వచ్చింది, బిల్లూ వచ్చింది. తిరుగు దారిలో నరసన్నపేట దాటేసరికే బండి ఎడమకి లాగుతోంది. ముందు చక్రాల క్యాంబర్, అంటే నిలువు వాలు, మార్చాలంటే చక్రాన్ని పట్టుకునే కింది చేయి (విష్‌బోన్) బ్రాకెట్‌కీ చాసిస్‌కీ మధ్య షిమ్ములు, అంటే పలచటి రేకు బిళ్ళలు, వేయాలి. ఆ కుర్రాడు తిప్పడానికి బోల్టు కోసం వెతికాడు, పాపం.

చివరికి బరంపురంలో ఒక ముసలి మిస్త్రీ దారంతో చేసిపెట్టాడు. నాలుగు చక్రాల పక్కనుంచి దారం లాగి కట్టి, స్టీలు స్కేలుతో రిమ్ము ముందూ వెనకా కొలవడమే. ముందు సీట్లలో మనుషులున్నంత బరువు వేసి కొలవమని హెరాల్డ్‌ని మొదట తయారుచేసిన ఇంగ్లండు కంపెనీ ట్రయంఫ్ పుస్తకంలోనే ఉంది. మేము 25 కిలోల బియ్యం బస్తాలు మూడేసి పెట్టాము. బస్తాలు దించితే అంకెలు ఎంత మారాయో చూశాక, ఖాళీ బండిని మెషీన్ మీద పెట్టి కొలవడం మీద నాకు గౌరవం పోయింది. రేడియల్ టైర్లు కాబట్టి టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి చూడడం) మిల్లీమీటరుకి కొంచెం పైన పెట్టించాను. అప్పటినుంచి చేయి వదిలేసినా బండి తిన్నగా పోతోంది. పనిలో పనిగా ఆయన ముందు ట్రనియన్లలో, అంటే స్టీరింగ్‌తో చక్రం తిరిగే కింది మర కీళ్ళలో, ఎవరో కూరిన గ్రీజంతా తీసి 90 గేర్ ఆయిల్ పోశాడు. అక్కడ గ్రీజు పెడితే మర లోపల ఎండిపోయి, ఒకరోజు చక్రం విరిగి పక్కకి పడుకుంటుంది. హెరాల్డ్ ఉన్నవాళ్ళు మిగతాదంతా వదిలేసినా ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

టో సరిపోయింది, లాగడం ఆగింది. చోటు మాత్రం రాలేదు. స్టీరింగ్ పూర్తిగా కోస్తే ముందు టైరు ఎక్కడో రాసుకుంటోంది. ఎక్కడో చూద్దామని బానెట్ ఎత్తితే మడ్‌గార్డులు కూడా దానితోపాటే లేచిపోతాయి, రాసుకునే జాగాయే గాల్లో ఉంటుంది! రేకు లోపలంతా సుద్ద పూసి, బానెట్ మూసి, నెమ్మదిగా తిప్పి చూస్తే టైరు భుజం మీద తెల్ల గీత పడింది. రేకు అంచు మడిచినా పూర్తిగా తగ్గలేదు. ఇక స్టీరింగ్ స్టాపర్లు బిగించి, చక్రం అంతవరకూ తిరగకుండా ఆపాల్సి వచ్చింది. అంటే ఈ కారుకున్న అసలు గొప్పని పానా పెట్టి కట్టేయడమే. ఇప్పుడు మా వీధిలో నేనూ అందరిలాగే వెనక్కి నడుపుకుంటూ వస్తున్నాను.

అయినా సర్దుకుపోయేవాడినేమో, పంక్చరు పడకపోతే. చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెటన్ల మఠం చూసి వస్తున్నాం, నేనూ మా బావమరిదీ. ఆర్.ఉదయగిరి దాటాక ఘాట్‌లో వెనక కుడి టైరు పోయింది. గాలి లేని టైరు కాబట్టి మెత్తగా నొక్కుకుని బయటికి వచ్చేసింది. స్టెప్నీ మాత్రం లోపలికి పోదు. జాకీ మీద బండి లేస్తే చక్రం పై అంచు బయటికి వాలుతుందని చెప్పాను కదా. దానికి తోడు వెడల్పు రిమ్ము. టైరు సరిగ్గా మడ్‌గార్డు పెదవికి అడ్డంపడింది. “బావా, కొలతలన్నీ నేల మీదే తీశారు, గాల్లో తియ్యలేదు” అన్నాడు మా వాడు, నవ్వాపుకుంటూ.

చివరికి మంచి స్టెప్నీలోంచి గాలంతా తీసేసి లోపలికి నెట్టాము. బోల్టులు బిగించాము. ఇప్పుడు చక్రం ఉంది, గాలి లేదు. కాలి పంపు డిక్కీలోనే ఉంది కానీ దాని వాషరు చచ్చిపోయింది. చీకటి పడుతుండగా టెక్కలి లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి చూసి, “ఏటి బాబూ, మంచి టైరుకి మీరే గాలి తీసీసినారా?” అన్నాడు. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఎయిర్ బ్రేకుల ట్యాంకు నుంచి పైపు లాగి గాలి పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. పర్లాకిమిడి చేరేదాకా మా బావమరిది ఆ మాటే అనుకరిస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత 175లు తీసేశాను. పాత రిమ్ములు, 155/80 ఆర్13 టైర్లు. ముందు స్ప్రింగుల కింద పలచటి ప్యాకింగ్ వేసి అర అంగుళం తిరిగి ఎత్తించాను. వెనక దిమ్మ అలాగే ఉంచాను, మలుపుల్లో దాని మేలు చూశాను కాబట్టి. స్టాపర్లు వదులు చేయించి, దారంతో మళ్ళీ టో పెట్టించాను. సందులో ఇప్పుడు ఒక్క తిప్పులో వస్తోంది. సైలెన్సర్ మాత్రం ఇంకా స్పీడ్ బ్రేకర్లకి తగులుతుంది. రోడ్లకి ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మా వైపు ఊరివాళ్ళు సొంతంగా కట్టుకున్నవాటికి ఏ లెక్కా లేదు.

మరి దించమంటారా అంటే, నాకు కుదరడానికి కారణాలున్నాయి: నా వెనక సీటు ఎప్పుడూ ఖాళీ, బండి తీసేది ఎక్కువగా ఆదివారాలు, మిస్త్రీ బరంపురంలో దొరికాడు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి ఊళ్ళు తిరిగేవాళ్ళకి వెనక దించడం కూడా నేను చెప్పను. విశాఖలో బీచ్ రోడ్డు మీద మాత్రమే తిప్పేవాళ్ళు 175లు ఉంచుకున్నా పెద్ద నష్టం లేదేమో, కాకపోతే స్టెప్నీగా ఒక 155 పెట్టుకోండి. నా వెడల్పు రిమ్ములు ఐదూ అటక మీదున్నాయి. ఇద్దరు ముగ్గురు అడిగారు కానీ ఆ వెల్డింగ్ మీద నాకే నమ్మకం లేక ఇవ్వలేదు.