ఏడు ప్రశ్నార్థకాలు: ఎనిమిదేళ్లుగా ప్రాసెస్ మానిటర్ వాడుతున్నవాడి సమీక్ష

విండోస్‌లో నడిచే ప్రోగ్రాములు చేసే పనులను వరుసలుగా నమోదు చేసి చూపే పనిముట్టు ప్రాసెస్ మానిటర్. దాని పై వరుసలో తుపాకీ గురిని పోలిన చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తును మౌసుతో పట్టుకుని లాగి, తెర మీద ఉన్న ఏ విండో మీద వదిలితే, ఆ విండోను తెరిచిన ప్రోగ్రాము చేసిన పనులు మాత్రమే జాబితాలో మిగులుతాయి. మిగతా లక్షల వరుసలన్నీ పక్కకు తప్పుకుంటాయి. నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ గుర్తే. ఇన్‌స్టలేషన్ విఫలమైందని చెప్పే ఎర్రర్ బాక్సు మీద దాన్ని వదిలిన ప్రతిసారీ, ఎదురుగా నిలబడి అబద్ధమాడుతున్న మనిషి జేబు తడిమి చూసినంత తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి గురించి కొంత, అది నన్ను మోసగించిన ఒక రోజు గురించి ఎక్కువగా చెబుతాను.

గోదావరి తీరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను ల్యాబ్ ప్రోగ్రామరుగా పనిచేస్తున్నాను. ఏటా కొత్త సెమిస్టరు మొదలయ్యే ముందు అరవై కంప్యూటర్లలో కంపైలర్లు (రాసిన ప్రోగ్రామును కంప్యూటరు నడపగల రూపంలోకి మార్చేవి), ఎడిటర్లు, డేటాబేసులు ఎక్కించాలి. అవి ఎక్కిన తర్వాత విద్యార్థులు తమ ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని నా బల్ల ముందు వరుస కడతారు. ల్యాబ్‌లో సాఫీగా ఎక్కినది వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఎక్కదు. ఎందుకు ఎక్కలేదో సెటప్ ప్రోగ్రాము చెప్పదు. విండోస్ ఇన్‌స్టాలర్ చూపే 1603 అనే అంకెనే తీసుకోండి. ఇన్‌స్టలేషన్ జరుగుతుండగా తీవ్రమైన లోపం ఏర్పడిందని దాని అర్థం. ఆ సంగతి మనకు అప్పటికే తెలుసు. డాక్టరు దగ్గరకు వెళితే ఆయన నాడి పట్టుకుని మీకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపినట్టు ఉంటుంది.

ఫైళ్లను గమనించే పనిముట్టు ఒకటి, రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటును, గమనించే పనిముట్టు మరొకటి విడివిడిగా ఉండగా, ఆ రెండింటి పనినీ ఒకచోట చేర్చి 2006లో ప్రాసెస్ మానిటర్‌ను విడుదల చేశారన్న చరిత్ర చాలామందికి తెలిసిందే కనుక దాని జోలికి పోను. నాకు ముఖ్యమైనది వేరు. దీన్ని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఏదీ ఎక్కని కంప్యూటర్‌కు వైద్యం చేయడానికి వచ్చిన పనిముట్టు తానే ఎక్కకుండా మొరాయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది పెన్‌డ్రైవులోంచే నడుస్తుంది.

నా పద్ధతి ఇదీ. ముందు ప్రాసెస్ మానిటర్ నడిపి, తర్వాత సెటప్ మొదలుపెడతాను. ఎర్రర్ బాక్సు రాగానే అలవాటు కొద్దీ ఓకే నొక్కవద్దని పిల్లలకు ముందే చెబుతాను. నొక్కితే విండో మూతపడుతుంది, గురి గుర్తును వదలడానికి చోటుండదు. అప్పుడు కంట్రోల్, ఈ కలిపి నొక్కి నమోదు ఆపి, గుర్తును బాక్సు మీద వదిలి, మిగిలిన వరుసలను కింది నుంచి పైకి చదువుతాను. కథను మొదటి నుంచి చదివితే సాయంత్రమైనా తెమలదు. చివరి నుంచి చదివితే హంతకుడు తొందరగా దొరుకుతాడు. ఒకసారి ఒక ఎడిటరు కొత్త వెర్షను ఎక్కకపోతే, ఫలితం చూపే గడిలో షేరింగ్ వయొలేషన్ అన్న మాట పది నిమిషాల్లో కనిపించింది. పాత వెర్షను తాలూకు ఒక ఫైలు ఇంకా తెరిచే ఉంది. దాన్ని వాడుతున్న ప్రోగ్రామును టాస్క్ మేనేజరులో ఆపాం, పని అయిపోయింది. ఇలాంటివి ఏటా పదీ పదిహేను వస్తాయి. వాటి వల్లే నాకు ఆ గుర్తు మీద అంత గురి కుదిరింది.

రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తెచ్చిన విండోస్ 10 ల్యాప్‌టాప్ ఆ నమ్మకానికి పరీక్ష పెట్టింది. ఆమెను లక్ష్మి అని పిలుద్దాం. సి భాష కంపైలరుతో పాటు మరికొన్ని పరికరాలను కలిపి ఇచ్చే ఒక ప్యాకేజీ ఆమెకు కావాలి. సెటప్ ముప్పావు వంతు దాకా నడిచి, పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నించండి అని ఆగిపోతోంది. ఆమె అప్పటికే ఆ ఫైలును మూడుసార్లు డౌన్‌లోడ్ చేసింది, యాంటీవైరస్ ఆపి చూసింది, అడ్మినిస్ట్రేటరుగా నడిపి చూసింది.

"సార్, ఇందులోనే మా నాన్న అకౌంటు కూడా ఉంది. దాంట్లో పెడితే ఎక్కుతోంది, నా అకౌంటులో మాత్రం ఎక్కడం లేదు" అంది.

ఆ ఒక్క మాటను నేను సరిగ్గా విని ఉంటే గంటన్నర మిగిలేది. నేను విన్నది ఒకటి, అర్థం చేసుకున్నది మరొకటి. తండ్రి అకౌంటులో ఎక్కి కూతురి అకౌంటులో ఎక్కడం లేదంటే అనుమతుల తేడా అనుకున్నాను. ఆమె అకౌంటుకు కూడా అడ్మినిస్ట్రేటరు హోదా ఉందని చూసినా నా అనుమానం తీరలేదు. ఫోల్డర్ల అనుమతులు ఒక్కొక్కటిగా తెరిచి సరిచూస్తూ కూర్చున్నాను. చివరికి విసిగి ప్రాసెస్ మానిటర్ తెరిచాను. సెటప్ విఫలమైంది. గురి గుర్తును బాక్సు మీద వదిలాను. కింది నుంచి పైకి చదివాను.

తప్పన్నదే లేదు. వరుస తర్వాత వరుస సక్సెస్ అనే ఉంది. అక్కడక్కడ నేమ్ నాట్ ఫౌండ్ అన్నవి ఉన్నాయి కానీ అవి లెక్కలోకి రావు. ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసిన ఫైలు కోసం నాలుగైదు చోట్ల వెతుకుతుంది, లేని చోటల్లా ఆ మాట పడుతుంది. అనుమతి లేదని చెప్పే యాక్సెస్ డినైడ్ ఒక్కటీ లేదు, అంటే నా అనుమతుల సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. నలభై నిమిషాలు ఆ జాబితానే పైకీ కిందికీ తిప్పాను. ఎనిమిదేళ్లలో నా గురి గుర్తు ఖాళీ చేతులతో తిరిగి రావడం అదే మొదటిసారి.

తప్పు గుర్తుది కాదు, దాన్ని నేను అర్థం చేసుకున్న తీరుది. అది విండోను తెరిచిన ప్రోగ్రామును పట్టుకుంటుందే తప్ప తప్పు చేసిన ప్రోగ్రామును కాదు. ఈ రెండూ ఒకటే కానక్కరలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. కంట్రోల్, టీ నొక్కితే వచ్చే ప్రాసెస్ ట్రీ తెరిచాను. ఏ ప్రోగ్రాము ఏ ప్రోగ్రామును పుట్టించిందో, ముగిసిపోయిన వాటితో సహా, అక్కడ వంశవృక్షంలా కనిపిస్తుంది. సెటప్ కింద ఇంకొక చిన్న ప్రోగ్రాము ఉంది. ఫైళ్లను విప్పి పరచడం దాని పని. జీవితకాలాన్ని చూపే పచ్చ గీత మిగతావాటికి సాగి ఉంటే, దీనికి ఒక చుక్కంత ఉంది. పుట్టి సెకను తిరగకముందే పోయింది. పోతూ పోతూ తాను విఫలమైనట్టు సెటప్‌కు చెప్పింది, సెటప్ ఆ కబురును మోసుకొచ్చి మనకు బాక్సులో చూపింది. అంటే నేను అంతసేపూ సోదా చేసింది కబురు తెచ్చినవాడిని.

ట్రీలోనే ఉన్న ఇన్‌క్లూడ్ సబ్‌ట్రీ నొక్కితే పిల్ల ప్రోగ్రాము పనులు కూడా జాబితాలోకి వచ్చాయి. దాని చివరి వరుసకు కొంచెం పైన ఇది ఉంది: సి:\యూజర్స్\???????\యాప్‌డేటా\లోకల్\టెంప్. పక్కన ఫలితం, నేమ్ ఇన్‌వాలిడ్, అంటే ఆ పేరు చెల్లదని. దానికి పది వరుసల పైన సెటప్ అదే ఫోల్డరును తెరిచినప్పుడు మాత్రం, సి:\యూజర్స్\లక్ష్మి\ అని చక్కగా తెలుగులో ఉంది.

ప్రశ్నార్థకాలను లెక్కపెట్టాను, ఏడు. లక్ష్మి అని రాస్తే మనకు కనిపించేవి రెండు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు. ప్రతి దానికీ ఒక ప్రశ్నార్థకం.

జరిగింది ఇదీ. ఆ అమ్మాయి తన అకౌంటును, నెట్ అకౌంటుతో కలపకుండా, తెలుగులో పేరు టైపు చేసి తెరిచింది. అలా తెరిస్తే విండోస్ ఆ పేరుతోనే యూజరు ఫోల్డరును సృష్టిస్తుంది, తాత్కాలిక ఫైళ్ల చోటు కూడా ఆ ఫోల్డరు లోపలే ఉంటుంది. సెటప్ ప్రోగ్రాము యూనికోడ్ తెలిసినది కనుక దానికి ఇబ్బంది లేదు. అది పుట్టించిన చిన్న ప్రోగ్రాము పాతకాలపు పద్ధతిలో, ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు చొప్పున ఇచ్చే కోడ్ పేజీ అనే పట్టికలో ఆ చోటు పేరు అడిగింది. మన దగ్గర ఇంగ్లీషు సెట్టింగులతో వచ్చే కంప్యూటర్లలో ఆ పట్టిక సంఖ్య 1252. అందులో పశ్చిమ ఐరోపా అక్షరాలున్నాయి, తెలుగు లేదు. పాత పద్ధతి ప్రోగ్రాముల కోసం విండోస్‌లో పెట్టుకోగలిగే అలాంటి పట్టిక తెలుగుకు లేదు, యూనికోడే. పట్టికలో దొరకని ప్రతి అక్షరం స్థానంలో విండోస్ ప్రశ్నార్థకం పెట్టి ఇస్తుంది. ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు. తండ్రి అకౌంటు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కనుక అక్కడ ఈ గొడవే లేదు. అడ్మినిస్ట్రేటరుగా నడిపినా ఎందుకు కుదరలేదంటే, ఆమె అకౌంటే అడ్మినిస్ట్రేటరు. హోదా మారింది, ఫోల్డరు మారలేదు.

"అంటే సార్, నా పేరు తెలుగులో రాసుకోవడం తప్పా?" అని అడిగింది. తప్పు నీది కాదమ్మా అన్నాను. అనడం తేలిక; ఆ పూట ఆమెకు కంపైలరు కావాలి.

సి డ్రైవులో ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డరు సృష్టించి, తాత్కాలిక ఫైళ్ల చోటు ఎక్కడో ప్రోగ్రాములకు చెప్పే టెంప్, టీఎంపీ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను దానికి మళ్లించాను. సెటప్ మొదటి ప్రయత్నంలోనే పూర్తయింది. ఆ రోజే ఈ సమీక్ష రాసి ఉంటే పొగడ్తలకు అంతుండేది కాదు. మూడు వారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక లైబ్రరీ, అంటే ప్రోగ్రాముల్లో వాడుకునే సిద్ధంగా ఉన్న కోడు, ఎక్కడం లేదు. అది తన ఫైళ్లను తాత్కాలిక చోటులో కాకుండా నేరుగా యూజరు ఫోల్డరులో దాచుకుంటుంది, అక్కడ మళ్లీ అవే ఏడు ప్రశ్నార్థకాలు. ఒక తలుపు ఎందుకు తెరుచుకోలేదో ప్రాసెస్ మానిటర్ కచ్చితంగా చెబుతుంది, ఆ గోడకు అలాంటి తలుపులు ఇంకెన్ని ఉన్నాయో చెప్పదు. అది ఆలోచించవలసింది నేను, ఆలోచించలేదు.

విండోస్ 10లో 2018 నుంచి పాత పద్ధతి ప్రోగ్రాములకు కూడా యుటిఎఫ్-8, అంటే యూనికోడ్‌ను బైట్లలో రాసే పద్ధతి, ఇచ్చే ఒక ఐచ్ఛికం ఉంది, ఇంకా బీటా అనే పేరుతోనే. దాన్ని టిక్కు పెడితే ఈ తరహా చిక్కులు చాలావరకు తీరతాయి. నేను పెట్టలేదు. ఆమె తండ్రి అదే ల్యాప్‌టాప్‌లో పెళ్లి శుభలేఖలు కంపోజ్ చేస్తారు, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో. ఆ ఫాంట్లు ఆ పాత పట్టికనే నమ్ముకుని బతుకుతున్నాయి, పట్టిక మారిస్తే అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. పెళ్లిళ్ల సీజన్లో ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంటు తెరిచి, ఆమె ఫైళ్లు అందులోకి మార్చి, ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్లో అకౌంటు పేరును తెలుగులోకి మార్చాను. ఒకసారి ఏర్పడిన ఫోల్డరు పేరు దాంతో మారదు, పైకి కనిపించే పేరు మాత్రమే మారుతుంది. లాగిన్ తెర మీద ఇప్పటికీ లక్ష్మి అనే ఉంది.

మొదట చెప్పిన మాటల్లో కొన్నిటిని ఇక్కడ సవరించుకోవాలి. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదన్నది నిజమే, కానీ అడ్మినిస్ట్రేటరు హక్కు లేకుండా నడవదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు తెచ్చే మా పూర్వ విద్యార్థులకు నేను దీంతో చేయగలిగింది ఏమీ లేదు. పది నిమిషాల్లో దొరుకుతుందన్నదీ ఏ వరుసలు పట్టించుకోనక్కరలేదో తెలిసిన తర్వాతి మాట. బఫర్ ఓవర్‌ఫ్లో అని కనిపిస్తే మొదట్లో నేను వైరస్ దాడి అనుకుని హడలిపోయాను. ప్రోగ్రాము తెచ్చుకున్న గిన్నె చిన్నదైంది, పెద్దది తెచ్చుకుంటుంది, అంతకు మించి ఏమీ లేదు. క్రియేట్‌ఫైల్ అన్న చోటల్లా కొత్త ఫైలు పుట్టిందనుకోకూడదు, ఉన్న ఫైలును తెరిచినా అదే మాట పడుతుంది.

ఇంకో సంగతి. ఏ వరుసలు చూపాలో చెప్పే పాత ఫిల్టర్లను ఇది గుర్తుపెట్టుకుంటుంది. తెరిచేటప్పుడు ఆ మాట చెబుతుంది కూడా, మనం చదవకుండా ఓకే నొక్కుతాం. నిన్నటి ఫిల్టరుతో ఇవాళ్టి జబ్బును వెతుకుతూ నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో దీన్ని నడిపి పెద్ద సెటప్ మొదలుపెట్టి టీ తాగడానికి వెళ్లకండి. తిరిగొచ్చేసరికి మెమరీ నిండిపోయి మౌసు కూడా కదలదు. ఫిల్టరులో పడని వరుసలను అక్కడికక్కడే పారేసే ఐచ్ఛికం ఉంది కానీ, లక్ష్మి ల్యాప్‌టాప్ విషయంలో దాన్ని పెట్టి ఉంటే ఆ పిల్ల ప్రోగ్రాము వరుసలు కూడా చెత్తలోకే పోయేవి. అందుకే ఇప్పుడు నేను ముందుగా సెటప్ సొంత లాగ్ ఫైలు చదువుతాను. విండోస్ ఇన్‌స్టాలర్ లాగులో వైఫల్యాన్ని సూచించే రిటర్న్ వాల్యూ 3 అన్న చోట వెతికి, దాని పై వరుసలు చూస్తే సగం కేసులు అక్కడే తెమిలిపోతాయి. మిగిలిన సగానికే ఇది.

ఏడాదికి ఒకసారి, సొంత కంప్యూటర్‌లో, ఒకటే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే వారికి దీన్ని నేర్చుకోమని నేను చెప్పలేను. ఆ సమయంలో కొత్త అకౌంటు తెరిచి అందులో ప్రయత్నించడమే నయం. నాలాగా వంద రకాల ల్యాప్‌టాప్‌లు బల్ల మీదికి వచ్చే ఉద్యోగం ఉంటే మాట వేరు. ప్రాసెస్ మానిటర్ తెరిస్తే ఇప్పటికీ ముందు గురి గుర్తునే లాగుతాను. లాగిన తర్వాత ప్రాసెస్ ట్రీ కూడా తెరుస్తాను. ఇక కొత్తగా ల్యాప్‌టాప్ కొన్న పిల్లలు సెటప్ చేసుకునే ముందు నా దగ్గరకు వస్తే, ఫోల్డరుకు ఇంగ్లీషు పేరు పెట్టించి, ఆ తర్వాత తెలుగు పేరు ఎక్కడ మార్చుకోవాలో చూపిస్తున్నాను. ఈ ఏడాది నలుగురు అలా మార్చుకున్నారు.